వ్యాపారసంస్థల విరాళములు - గ్రామ ధర్మసంస్థల బాధ్యత



ఒక గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండుట చిన్న విషయము కాదు. ప్రారంభోత్సవము జరుపుకొన్న గ్రంథాలయములు తెలుగు నాట లెక్కకు మిక్కిలిగా కలవు. 25వ ఏట కూడ తలుపులు తెరచియున్నవి వానిలో కొన్ని మాత్రమే. భవనము కట్టించుటకు దాత యొకడు చాలును. ఆ భవనపు తలుపు ప్రతిదినము సాయంకాలము తెరచుటకు మరియొకరు కావలెను. ఆ మరియొకరు ఎవరు, వారికి జీతమెవరిచ్చిరి, దీపమునకు, పత్రికల చందాకు సొమ్మెక్కడిది అను ప్రశ్నలకు ఈ గ్రామమున ఏదో విధముగా సమాధానము దొరకినది. కావుననే నేడు ఈ ఉత్సవము. పెద్ద కంపెనీలు స్థానిక ధర్మసంస్థలతో కలసి గ్రామాభ్యుదయమునకు పూనుకొనుట, ఆ పని పదికాలములు నిలుచుట అను విషయమును గూర్చి మాటలాడుటకు ఇంతకంటె తగిన చోటు ఉండదు.

పల్లెలు తిరుగు వారికి ఒక దృశ్యము పరిచితమే. ఊరి మొగదల చిన్న గది. దానిలో మంచినీటి యంత్రము. గోడపై దాతయైన కంపెనీ పేరు, చిహ్నము, ప్రారంభించిన పెద్దల పేర్లు. గదికి తాళము. అడిగినచో, యంత్రములోని పొర పాడైనదనియు, కరెంటు బిల్లు పేరుకొనిపోయినదనియు, తాళపుచెవి ఎవరివద్ద నున్నదో తెలియదనియు చెప్పుదురు. దాత చెడ్డవాడు కాడు. సొమ్ము నిజముగనే వెచ్చించెను. గ్రామస్థులును చెడ్డవారు కారు. స్థలమిచ్చిరి, పూలమాలలు వేసిరి. ఇచ్చుటకును, పుచ్చుకొనుటకును నడుమ నెవరును వ్రాసికొనని షరతు ఒకటి మిగిలిపోయినది. మూడవ యేట వచ్చు ఖర్చు ఎవరిదన్నదే ఆ షరతు.

భారతదేశమున కంపెనీల విరాళమునకు చట్టరూపము వచ్చి ఎంతో కాలము కాలేదు. 2013 కంపెనీల చట్టములోని 135వ విభాగము 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము 500 కోట్ల రూపాయల నికర ఆస్తియో, 1,000 కోట్ల వ్యాపారమో, 5 కోట్ల నికర లాభమో గల కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజ కార్యములకు వెచ్చించవలెను. ఏ కార్యములకన్న విషయమును ఆ చట్టపు ఏడవ షెడ్యూలు తెలుపును. ఆకలి, ఆరోగ్యము, మంచినీరు, విద్య మొదలగు వానితో పాటు ప్రజాగ్రంథాలయముల స్థాపన కూడ ఆ పట్టికలో స్పష్టముగా నున్నదన్న సంగతి గ్రంథాలయములు నడపువారిలోనే అనేకులకు తెలియదు. కంపెనీ తాను పనిచేయు ప్రాంతమునకును, చుట్టుపట్ల గ్రామములకును ప్రాధాన్యమియ్యవలెనని కూడ చట్టము చెప్పుచున్నది. ఫ్యాక్టరీ పొగ పీల్చు గ్రామమును దాటి దూరపు నగరమున సొమ్ము వెదజల్లరాదని దాని భావము.

2021 జనవరిలో ఈ నియమములను సవరించిరి. ఆ సవరణలలో రెండు ఈ సభకు ముఖ్యములు. కంపెనీ సొమ్ము పుచ్చుకొని పని చేయదలచిన ధర్మసంస్థ 2021 ఏప్రిల్ 1 మొదలు కేంద్ర ప్రభుత్వమువద్ద నమోదు చేసికొని ఒక సంఖ్య పొందవలెను. అది కంపెనీ స్థాపించినది కానిచో, అట్టి పనులలో కనీసము మూడేండ్ల అనుభవము గలదై యుండవలెను. ఇది మొదటిది. విరాళముతో ఏర్పడిన ఆస్తిని కంపెనీ తన పేర నుంచుకొనరాదు. నమోదైన ధర్మసంస్థకో, ఆ పనివలన లబ్ధి పొందు ప్రజల సంఘమునకో, పొదుపు సంఘము వంటి స్వయం సహాయక బృందమునకో, ప్రభుత్వ సంస్థకో అది చెందవలెను. ఇది రెండవది. చట్టమింత స్పష్టముగా ఆస్తిని గ్రామము చేతికిచ్చినది. ఆస్తితో పాటు దాని పోషణ భారము కూడ ఆ చేతిలోనికే వచ్చునని మాత్రము చట్టము నోరు విప్పి చెప్పలేదు.

ఆ భారమును మొదటనే నోరు విప్పి చెప్పిన దాత యొకడు కలడు. గ్రంథాలయ సభలో ఆయన పేరు స్మరించుట న్యాయము కూడ. ఆండ్రూ కార్నెగీ 1835లో స్కాట్లండు దేశమున డన్‌ఫెర్మ్‌లిన్ అను ఊర ఒక బీద నేతగాని యింట జన్మించెను. తండ్రి మగ్గము ఆవిరి యంత్రముల ధాటికి నిలువలేక మూలబడెను. కుటుంబము అమెరికాకు వలసపోయెను. బాలుడు చదువు మాని పనిలో చేరెను. ఆ ఊర జేమ్స్ ఆండర్సన్ అను పెద్దమనిషి సుమారు 400 పుస్తకములు గల తన సొంత భాండారమును శనివారము నాడు పని చేయు బాలురకు తెరచియుంచెడివాడు. ఆ శనివారపు పుస్తకములే కార్నెగీకి విశ్వవిద్యాలయమాయెను. మగ్గము పోయి వీధిన బడిన నేతపనివాని కథ తెలుగు నాట చేనేత యూళ్లవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 

ఉక్కు వ్యాపారములో ఆయన అపారధనము గడించి, 1901లో కంపెనీని అమ్మివైచి, మిగిలిన జీవితమంతయు దానములలో గడపెను. ఆయన ధనముతో లోకమున 2,500కు పైగా గ్రంథాలయ భవనములు లేచినవి. మొదటిది 1883లో ఆయన పుట్టిన యూరనే వెలసెను. ఈ భవనములకు ఆయన పెట్టిన నియమము మిక్కిలి సరళమైనది. పట్టణము స్థలమియ్యవలెను. భవనమునకు తాను ఇచ్చు సొమ్ములో పదవ వంతు ఏటేట పట్టణమే పన్నుల నుండి వెచ్చించి గ్రంథాలయమును పోషింతునని తీర్మానించవలెను. 10,000 డాలర్ల భవనము కావలెనన్నచో, ఏటికి 1,000 డాలర్లు పట్టణము తన జేబునుండి తీయవలెనన్నమాట. ఈ తీర్మానము లేనిచో విరాళము లేదు. దాత పుస్తకములీయలేదు, జీతములీయలేదు. పిసినారితనమని ఆనాడు కొందరు నవ్విరి. తమ సొమ్ముతో ఏటేట పోషించిన దానిని పురజనులు తమదని భావింతురన్న వ్యవహారజ్ఞానము ఆ షరతులో నున్నది.

అయినను ఆ కథ అంత చక్కనిది కాదు. దాచినచో అది చరిత్ర కాక స్తోత్రమగును. 1892లో హోమ్‌స్టెడ్ అను ఊర కార్నెగీ ఉక్కు కర్మాగారమునందు యాజమాన్యమునకును కార్మికులకును పోరాటము జరిగి, ఉభయ పక్షముల ప్రాణములు పోయెను. కార్మికసంఘము విరిగెను. కొన్ని యేండ్లకు, 1898లో, ఆ యూరికే కార్నెగీ గ్రంథాలయము వచ్చెను. దినమునకు పండ్రెండు గంటలు కొలిమివద్ద కాగిన మనుష్యుడు గ్రంథాలయమునకెప్పుడు పోవునని అడిగినవారు కలరు. కూలి తగ్గించిన చేతులే పుస్తకము చాచినవని చెప్పి ఆ దానమును నిరాకరింపుమన్న కార్మికసంఘములు కూడ కలవు. ఈ ప్రశ్నకు నేటికిని వాడి తగ్గలేదు. నూటికి రెండు వంతుల విరాళమును చూచునప్పుడు తక్కిన తొంబదియెనిమిది వంతులు ఏ విధముగా వచ్చినవని అడుగు హక్కు గ్రామమునకు కలదు. వాగులో మురుగు వదలు కర్మాగారము ఆ వాగు ప్రక్కనే మంచినీటి యంత్రము నెలకొల్పుట దానమగునా, బాకీలో కొంత చెల్లించుట యగునా? గ్రామపెద్దలు దీనిని విరాళపు పత్రముపై సంతకము చేయుటకు ముందు ఆలోచించవలెను. పిమ్మట ఆలోచించిన ఫలము లేదు.

ఆ కథలో మరియొక మలుపు గ్రంథాలయములవారికి ముఖ్యము. కార్నెగీ కార్పొరేషన్ తరఫున ఆల్విన్ జాన్సన్ అను పండితుడు ఆ గ్రంథాలయములను స్వయముగా తిరిగి చూచి 1916లో నివేదిక సమర్పించెను. కొన్ని పట్టణములు పదవ వంతు మాట తప్పినవి. కొన్నిచోట్ల భవనము విశాలమే గాని అలమారులలో పుస్తకములు చాలవు. తగిన శిక్షణ పొందిన గ్రంథపాలకులు అరుదు. ఇటుకలకంటె మనుష్యులపై ఖర్చు చేయుట మేలని ఆయన నివేదిక సారాంశము. కొత్త భవనములకు విరాళములిచ్చుట 1917లో ఆగిపోయెను. లోకమునందెల్ల పేరెన్నిక గన్న దానము కూడ భవనము నొద్దనే ఎక్కువగా ఆగి, మనిషి నొద్దకు ఆలస్యముగా చేరెను. నేటి కంపెనీలకు కూడ భవనమన్నను, యంత్రమన్నను ఉన్న మక్కువ జీతమన్న లేదు. భవనమునకు ఫలకము కట్టవచ్చును. జీతమునకు ఫలకమెక్కడ కట్టుదురు?

పదవ వంతు అను మాట వినగానే తెలుగువారికి మరియొక పేరు గుర్తురావలెను. రాయలసీమ శాసనములలోను, ఆ సీమ భూముల లెక్కలలోను దశబంధమను ఏర్పాటు కనబడును. సొంత ధనముతో చెరువు త్రవ్వించినవారికి గాని, తెగిన గట్టు పోయించినవారికి గాని, ఆ చెరువు క్రింద సాగగు భూమిలో కొంత భాగము మాన్యముగా విడిచెడివారు. పేరునుబట్టి అది పదవ వంతు. మాన్యము అనుభవించు వంశము ఆ చెరువు మరమ్మతు కూడ చూచుకొనవలెను. చెరువు ఎండినచో మాన్యమును ఎండును. కనుక పూడిక తీయుటలో అనుభవించువానికి స్వార్థము కూడ కలదు. స్వార్థమును ఇంత మంచి పనికి కట్టివేసిన ఏర్పాట్లు తక్కువ. కార్నెగీ పదవ వంతును పురజనులపై మోపెను. దశబంధము ఆ చెరువు పంటనుండియే పదవ వంతును తీసి పోషణకు ముడివైచెను. రెండింటిలో రెండవదే గ్రామస్థితికి దగ్గరగా నున్నదని చెప్పవచ్చును. పేదగ్రామము ఏటేట కొత్త సొమ్ము పుట్టించుట కష్టము. పుట్టిన ఫలములో కొంత ప్రక్కన పెట్టుట అంత కష్టము కాదు.

కడప సీమలో పోరుమామిళ్ల చెరువువద్ద 1369 నాటి శాసనమొకటి కలదు. విజయనగర రాజు బుక్కరాయని కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. రెండేండ్ల పాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు శాసనమే చెప్పుచున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగని ఆరు దోషములను కూడ అందు చెక్కించిరి. దోషములలో గట్టునుండి నీరు ఊరుట, చవిటి నేల, నీరు కొంచెము భూమి అధికముగా నుండుట వంటివి ఎవరికైనను తోచును. వానితో పాటు, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట కూడ దోషమని వ్రాసిరి! సరిహద్దున నున్న చెరువు తెగినప్పుడు ఇది నీదని వారు, నీదని వీరు తప్పించుకొందురు. కంపెనీకిని పంచాయతీకిని నడుమ, ఇద్దరిదియు కాక, తాళము వేసియున్న నీళ్ల గదులను చూచినప్పుడు ఆ శాసనము వ్రాసినవారి అనుభవము ఎంత నిశితమో తెలియును.

మరి విరాళమును చేతబట్టి ఏటేట అనుభవించు స్థానిక ధర్మనిధి ఎట్లుండవలెను? దీనికి ఆధునిక కాలమున దారి చూపినది ఒక బ్యాంకు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున ఒక బ్యాంకునకు అధ్యక్షుడైన ఫ్రెడరిక్ గాఫ్ ఒక చిక్కును గమనించెను. ధనికులు మరణశాసనములలో ఫలానా పనికే అని సొమ్ము వ్రాసి పోవుదురు; కాలక్రమమున ఆ పని అవసరము తీరిపోవును; సొమ్ము మాత్రము కదలదు. చచ్చినవాని చేయి బ్రతికినవారి మెడపై నుండరాదని ఆయన యోచన. అందుకై మూలధనమును బ్యాంకు కాపాడుటకును, దాని రాబడిని ఏ పనికి వెచ్చించవలెనో పురజనుల సంఘము నిర్ణయించుటకును ఏర్పాటు చేసెను. ఆ సంఘములో కొందరిని మేయరును, న్యాయమూర్తులును నియమించెడివారు. ఆ సంవత్సరముననే ఇచ్చట బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అచ్చట మూలధనము ముందు, సంఘము వెనుక. ఇచ్చట సంఘమే కలదు, మూలధనము లేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు సీమ కాలువపై కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవలో పుస్తకములు పంపుటకు వారిని ప్రోత్సహించినది మూలధనము కాదు. అయినను ఉత్సాహము ఒక తరముతో ముగిసిపోవుటయు ఈ నాడు చూచినదే.

తెలుగు నాటనే జరిగిన ఒక ఉదాహరణ ఈ విషయమును అన్నిటికంటె తేటపరచును. 2001లో సత్యం కంప్యూటర్సు స్థాపకుల కుటుంబము తమ తండ్రి బైర్రాజు సత్యనారాయణరాజు గారి స్మృత్యర్థము బైర్రాజు ఫౌండేషన్‌ను నెలకొల్పెను. భీమవరము చుట్టుపట్ల మొదలై కొన్ని జిల్లాల పల్లెలలో ఆరోగ్యకేంద్రములు, బడులకు సాయము, మంచినీటి యంత్రములు ఏర్పడెను. గోదావరి డెల్టాలో నీటికి కరవని ఎవరనుకొందురు? కాని కాలువలలో పల్లెల మురుగు, చేపల చెరువుల నీరు కలసి, కన్నుల ముందు పారుచున్న నీరు గొంతులోనికి పనికిరాని స్థితి వచ్చెను. ఆ స్థితిలో ఈ యంత్రములు చేసిన మేలును తక్కువ చేసి చెప్పరాదు. నీరు ఉచితము కాదు. స్వల్పవెల కట్టి క్యానుతో తీసికొనిపోవలెను. గ్రామస్థులతో సంఘమేర్పరచి, వారి వంతు కూడ పుచ్చుకొనుట ఆ సంస్థ పద్ధతి.

ఆ కుటుంబమే 108 అంబులెన్సు సేవను కూడ ఆరంభించెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో అది మొదలైనది. మూడంకెలు నొక్కినచో బండి వచ్చునన్న నమ్మకము పల్లెలలో ఎంత వేగముగా వ్యాపించెనో పెద్దలకు గుర్తుండియే యుండును. కాన్పు నొప్పులలో నున్న స్త్రీని ఎడ్లబండిపై మోసిన తరము ఇంకను బ్రతికియే యున్నది.

2009 జనవరి 7న సత్యం సంస్థ అధిపతి తమ కంపెనీ లెక్కలు బూటకమని స్వయముగా లేఖ వ్రాసి ప్రకటించెను. దేశమంతయు దిగ్భ్రమ చెందెను. కోర్టులు, విచారణలు, శిక్షలు పిమ్మటి కథ. ఈ ప్రసంగమునకు కావలసినది ఆ మరునాటి ఉదయము. దాత చేయి ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు దానముపై బ్రతుకు పనులకేమగును? 108 బండ్లు ఆగలేదు. ఏలయన, అప్పటికే వాని నిర్వహణ వ్యయములో నూటికి 95 వంతులు రాష్ట్రప్రభుత్వము ఒప్పందము ప్రకారము భరించుచుండెను. ప్రజలకు దానిపై హక్కు ఏర్పడినది. ఆ సంవత్సరముననే మరియొక వ్యాపారసంస్థ యైన జి.వి.కె. దాత స్థానమున నిలిచెను. దాత పేరు మారినది, ఫోను సంఖ్య మారలేదు. ఫౌండేషన్ పనులకు అట్టి ఆధారము లేదు. అవి క్షణములో చిక్కి సన్నగిల్లెను. దాత నెలజీతముపై నడచిన పనులకు దాతతోడనే దెబ్బ తగులును. నీటి యంత్రము వంటి పనికి, వసూలైన పైకము గ్రామసంఘము చేతిలో నుండి, ఆ పైకములోనుండి మరమ్మతునకు కొంత మిగిల్చినచో, ఊపిరి తీయుటకైనను వీలుండును. క్యాను వెలను అర్ధరూపాయి పెంచుటకు సంకోచించి, ఆ మిగులును మిగుల్చని సంఘములకు పొర మార్చవలసిన నాడు చేయి చాచుటకు మనిషి దొరకడు.

దాత దుష్టుడైనను, సజ్జనుడైనను ఈ లెక్కలో భేదము లేదన్న సంగతి గమనింపదగినది. లాభములున్ననే నూటికి రెండు వంతులు. మార్కెటు పడిపోయినను, కంపెనీని మరియొకరు కొన్నను, ఫ్యాక్టరీ ఊరు మారినను, ఆ రెండు వంతుల దారియు మారును. ఇవి దుర్మార్గములు కావు, వ్యాపార ధర్మములు. వర్షమునకు నమ్మకము లేదని తెలిసియే రైతు చెరువు కట్టుకొనును.

ఇక అరకు కొండలకు పోవుదము. అచ్చటి ఏర్పాటు ఇంకొక తీరుది. 1998లో హైదరాబాదున ఏర్పడిన నాంది ఫౌండేషన్ ఆ కొండలలోని గిరిజన రైతులతో కాఫీ సాగు విషయమున పనిచేసెను. రైతులు పరస్పర సహాయ సహకార సంఘముగా ఏర్పడిరి. ఆ సంఘము పండించిన కాఫీ అరకు పేరుతోనే అమ్ముడుపోయి, 2017లో ప్యారిస్ నగరమున ఆ పేర దుకాణము కూడ తెరువబడెను. కొండవాలులపై పండ్ల చెట్లు, నీడచెట్లు నాటుటకు పెట్టుబడి విదేశీ కంపెనీల నుండి వచ్చినది. ఫ్రాన్సు దేశపు డానోన్ మొదలైన కంపెనీలు కలసి లైవ్లీహుడ్స్ అను నిధి నేర్పరచి, నాంది ద్వారా సుమారు 60 లక్షల చెట్లు నాటించెను. చెట్టు రైతుది, పండు రైతుది. ఆ చెట్లు గాలినుండి పీల్చి దాచుకొను బొగ్గుపులుసు వాయువు లెక్క మాత్రము 20 ఏండ్ల పాటు కంపెనీలది. తమ కర్మాగారములు వదలు పొగకు బదులుగా ఆ లెక్కను చూపుకొందురు.

ఇది దానము కాదు, మారకము. అందువలన ఇది నీచమని తలపనక్కరలేదు. దానము పుచ్చుకొనువాడు తలవంచి నిలుచును. మారకమున ఇద్దరును బల్లకు చెరియొక ప్రక్క కూర్చుందురు. చెట్టు బ్రతికియున్ననే కంపెనీకి లెక్క దక్కును గనుక, నాటిన మొక్క బ్రతుకవలెనన్న పట్టుదల నాటినవానికి, నాటించినవానికి సమానముగా నుండును. వేసవిలో మొక్కలు నాటి ఛాయాచిత్రము తీయించుకొని వెడలిపోవు దాతలకు ఆ పట్టుదల ఎక్కడిది? కాని మారకమున్నచోట ధర తెలియుట ముఖ్యము. తాము ఇచ్చుచున్నదేమి, దాని వెల బయట ఎంత, 20 ఏండ్లలో ఆ వెల పెరిగినచో తమకేమి వచ్చును అను సంగతులు కొండరైతుకు అతని భాషలో చెప్పి, అర్థమైనదా అని అడుగువారు కావలెను. స్థానిక ధర్మసంస్థ చేయవలసిన అసలు పని ఇదియే. కంపెనీ మాట గ్రామమునకు చేర్చుటకు మనుష్యులు చాలమంది దొరకుదురు; గ్రామపు ప్రశ్న కంపెనీకి చేర్చువారే తక్కువ.

గ్రామముల లోపములను కూడ చెప్పక తప్పదు. ధర్మసంస్థ అని పేరు పెట్టి, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఒక్క ఇంటివారే యుండుట చూచినదే. నీటి యంత్రమును పెద్దవీధిలో నిలిపి, ఊరి చివరి పేటవారు నడచి వచ్చి క్యూలో నిలువవలసిన ఏర్పాటు చేయుట చూచినదే. ఎన్నికలలో ఒక పక్షము ఓడినచో, ఆ పక్షము కాలమున వచ్చిన యంత్రమునకు తాళము పడుట చూచినదే. ఈ రోగములకు కంపెనీ సొమ్ము ఔషధము కాదు. చాల మారులు ఆజ్యము. ఊరి పొదుపు సంఘముల స్త్రీల చేతికి వసూలు లెక్కలనిచ్చుట మేలని తోచును. నెలనెల అప్పులు, వాయిదాలు వ్రాసికొని పైసాకు పైసా సరిచూచుకొను అలవాటు వారికి ఏండ్ల తరబడి యున్నది. పై చెప్పిన 2021 నియమము కూడ అట్టి సంఘమునకు ఆస్తిని అప్పగించుటకు ఒప్పుకొనుచున్నది.

గ్రంథాలయమునకు రాబడి మార్గమొకటి చట్టములోనే కలదు. 1960 ఆంధ్రప్రదేశ్ ప్రజాగ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేయవలెను. ఇది కూడ ఒక రకపు దశబంధమే. అయితే పన్నుతో వసూలైన ఆ పైసలు స్థానిక సంస్థల ఖజానాలో చిక్కుకొని గ్రంథాలయములకు చేరక పేరుకొనుట వార్తాపత్రికలలో తరచు కనబడు మాట. స్వచ్ఛందముగా నడచు గ్రామ గ్రంథాలయమునకు అదియు రాదు. కనుక ఇట్టి గ్రంథాలయముల దృష్టి కంపెనీలవైపు పోవుట సహజము. 25 ఏండ్ల లెక్కలు, రిజిస్టరు గల సంఘమునకు మూడేండ్ల అనుభవమన్న షరతు అడ్డము కాదు. ఆదాయపుపన్ను శాఖవద్ద ధర్మసంస్థగా నమోదు, కేంద్ర ప్రభుత్వ సంఖ్య మాత్రము తెచ్చుకొనవలెను. చిన్న గ్రంథాలయమునకు ఒంటరిగా ఇది శ్రమయే. చుట్టుపట్ల పది గ్రామముల గ్రంథాలయములు కలసి ఒక్క సంఘముగా నమోదైనచో ఆడిటరు ఖర్చు పది భాగములగును.

అట్టి సంఘము కంపెనీవద్దకు పోయినప్పుడు మొదట భవనము అడుగకుండుట మంచిది. కంపెనీ ఆర్థిక సంవత్సరము మార్చి నెలాఖరున ముగియును. ఫిబ్రవరిలో వచ్చి, మార్చిలోగా ఖర్చు కావలెనని తొందరపెట్టు విరాళమునకు భవనము రంగు, బల్లలు, కంప్యూటర్లు అన్నవే తోచును. మూడేండ్ల పని యని వ్రాసికొన్నచో ఆ సొమ్మును మూడేండ్లలో వెచ్చించుటకు నియమములు అనుమతించుచున్నవి. కనుక మూడేండ్ల పాటు గ్రంథపాలకుని జీతమడుగుడు. మొదటి యేట పూర్తిగా, రెండవ యేట రెండు వంతులు, మూడవ యేట ఒక వంతు. తక్కిన వంతులు ఊరు సమకూర్చుకొనుచు రావలెను. కొబ్బరితోట గల యూర తోటలనుండి, పాల కేంద్రము గల యూర లీటరుకు కొన్ని పైసలు, విదేశములకు పోయిన పిల్లలు గల యూర వారి చందాలనుండి. ఏ ఊరి దశబంధము ఆ ఊరిది. కంప్యూటరు ఇచ్చినచో దానిని మరమ్మతు చేయువాని జీతము, విద్యుత్తు ఖర్చు ఒప్పందములో వ్రాయుడనుడు. కంపెనీ పేరు ఫలకముపై ఎంత అక్షరములలో నుండవలెనన్నది కూడ వ్రాసికొనుడు. సంస్థపేరుకంటె పెద్దదిగా నుండరాదనుట మర్యాదలేనితనము కాదు.

ఒప్పందపు ప్రతిని తెలుగులో వ్రాయించి గ్రంథాలయపు గోడపై అతికించవలెను. ఏ యేట ఎంత వచ్చినది, ఎంత వెచ్చినది, ఊరి వంతు ఎవరు కట్టిరి, ఎవరు బాకీ యుండిరి అను లెక్కను ప్రతి ఉగాదికి దాని ప్రక్కన చేర్చవలెను. వార్తాపత్రిక చదువుటకు వచ్చినవాడు తలయెత్తినచో ముందుగా ఆ లెక్కయే కనబడునట్లుగా.